కాకిలెక్క

మా బాపు చనిపోయిన మూడో రోజు పిట్టకు పెడితే కాకి రాలేదు. గోదావరి ఒడ్డున విస్తరిలో అన్నం, కోడికూర, ఆయనకు ఇష్టమైన ఉడికించిన శనగ గుడాలు, పక్కన ఒక బీడీ పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. ఎండ నెత్తికెక్కింది. రాళ్ల మీద కూర్చున్న కాకులు మమ్మల్ని చూశాయి, విస్తరిని చూశాయి, కదల్లేదు. చుట్టాలు ఒక్కొక్కరే ముందుకు వచ్చి పోయిన మనిషికి మాట ఇచ్చారు. నేను అవ్వ అని పిలిచే మా అమ్మ కొమురవ్వను మంచిగా చూసుకుంటామని ఒకరు, ఇంటి మీద రేకులు మార్పిస్తామని ఇంకొకరు. కాకులు వినిపించుకోలేదు. చివరికి నేను వెళ్లి, అందరికీ వినపడేటట్టే అన్నాను.

"బాపూ, నిన్ను కాకిలెక్కల గంగయ్య అన్నోన్ని నేను ఇడువ. గా మాట మల్ల వాని నోట్లెనే కుక్కుత."

నేను వెనక్కి తిరిగేలోపు రెండు కాకులు విస్తరి మీద వాలాయి. ఆకలేసి వాలాయని సైన్సు టీచరుగా నాకు తెలుసు. అయినా ఆ రోజు నుంచి ఆ మాట నా మెడకు పడింది. తీసేయాలని నాకూ అనిపించలేదు.

బాపు ఇరవైమూడేళ్లు నదిని కొలిచాడు. మా ఊరి రేవు పక్కన సర్కారు కట్టిన ఒక్క గది, నీళ్లలో నిలబెట్టిన కొలబద్ద, ఒక పడవ. ఇవే ఆయన కచేరీ. పొద్దున ఎనిమిదింటికి నీటిమట్టం రాసేవాడు. వానకాలమైతే పడవలో నడిమధ్యకు పోయి, బరువు కట్టిన సీసాను నీళ్లలోకి దించి పైకి తీసేవాడు. ఆ నీళ్లు వడగట్టి, మిగిలిన ఒండ్రును ఎండబెట్టి తూచి, లీటరుకు ఎన్ని గ్రాములో కాగితం మీద రాసి కరీంనగర్ ఆఫీసుకు పంపేవాడు. ఏరు ఎంత మన్ను మోసుకొస్తుందో తెలిస్తేనే కింద కట్టిన ఆనకట్ట ఎన్నేళ్లలో పూడుతుందో తెలుస్తుందని, ఏదో తన సొంత ఆనకట్ట అయినట్టు నాకు చెప్పేవాడు. ఆయనది రోజుకూలి కొలువు. పర్మినెంటు కాలేదు. ఆ సంగతి ఆయనకు గుర్తున్నట్టు కూడా ఉండేది కాదు.

2022 జూలైలో పెద్ద వరద వచ్చి పడవ కొట్టుకుపోయింది. బాపు వారం రోజులు ఒడ్డు మీద నుంచే నీటిమట్టం రాసి, ఒండ్రు గడిలో 'పడవ లేదు' అని పంపాడు. కరీంనగర్ ఆఫీసులో మా రేవును చూసుకునే ఇంజనీరు భానుప్రసాద్. ఆ వారం మా ఊరి వైపు తొంగి కూడా చూడలేదు. ఖాళీ గడులు పైకి పంపితే తనను అడుగుతారని, అతను బాపు పంపిన కాగితాలు మాయం చేసి, తనకు తోచిన అంకెలతో కొత్త కాగితాలు పుట్టించాడు. ఒకే అంకె నాలుగు రోజులు ఎట్లా వస్తుందని హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు పట్టుకున్నారు. అప్పుడు రేవు గది ముందు, నలుగురు చూస్తుండగా, భానుప్రసాద్ బాపు వైపు వేలు చూపించాడు.

"గీయన ఇరవైమూడేండ్ల సంది కాకిలెక్కలే రాస్తుండు."

మరునాటి నుంచి పనిలోకి రావద్దన్నారు. అందుకో కాగితం కూడా ఇవ్వలేదు. ఊళ్లో ఆ పేరు అంటుకుంది. చాయ్ హోటల్లో అప్పుకు లెక్క తేడా వచ్చినా గంగయ్యను పిలవండని నవ్వేవాళ్లు. వాళ్ల మీద కంటే నాకు బాపు మీదే ఎక్కువ మండేది. ఆయన నోరు తెరవలేదు. ఆ రోజూ తెరవలేదు, తర్వాతా తెరవలేదు. నీకు నోరు లేదా, ఆ అంకెలు నావి కావని ఒక్క మాట అనరాదా అని నేను గొడవ చేస్తే, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నదికి పోవడం మానేశాడు, తర్వాత తిండి మానేశాడు. ఎనిమిది నెలలు తిరగకుండానే పోయాడు.

కాకులకు మాట ఇచ్చినంత తేలిక కాదు నదిని పట్టుకోవడం. నా దగ్గర పడవ లేదు, సర్కారు సీసా లేదు. ఉన్నదల్లా కోపం. అది మాత్రం కావలసినంత ఉంది. బాపు పనిముట్టు ఎట్లా ఉండేదో గుర్తు చేసుకుని, వెల్డింగ్ షాపులో పాత బోరు మోటారు ముక్కకు ఇనుప చట్రం అతికించుకున్నాను. అందులో అర లీటరు గాజుసీసా పట్టేట్టు చేశాను. రబ్బరు బిరడాకు రెండు రంధ్రాలు, ఫ్రిజ్ రిపేరు చేసే అతను పారేసిన రాగి గొట్టం ముక్కలు రెండు. ఒక గొట్టంలో నీళ్లు లోపలికి పోతాయి, రెండో దాంట్లోంచి గాలి బయటికి వస్తుంది. నైలాన్ తాడు కట్టి రేవు పక్కనున్న వంతెన మీద నుంచి దించుతాను. మొత్తం పనిముట్టుకు ఒక చీర ఖర్చంత కూడా కాలేదు.

దించడంలోనే విద్య ఉంది. ఒకే వేగంతో అడుగు దాకా దించాలి, ఒకే వేగంతో పైకి తీయాలి. సీసా నిండా నిండకూడదు. నిండిపోయాక కూడా మన్ను వచ్చి చేరుతూనే ఉంటుంది, అప్పుడు లెక్క ఎక్కువ చూపిస్తుంది. నిండిన సీసా అబద్ధం చెప్తుందని బాపు పారబోసి మళ్లీ దించేవాడు. నేనూ 2023 జూన్ నుంచి అక్టోబరు దాకా రోజూ ఎనిమిదింటికి వంతెన మీద నిలబడి, దించి, తీసి, నిండితే పారబోసి మళ్లీ దించాను. ఇసుక లారీల వాళ్లు హారన్లు కొట్టుకుంటూ పోయేవాళ్లు. చేపలు పడ్డాయా టీచరమ్మా అని అడిగేవాళ్లకు పడబోతోంది, ఒక పెద్ద చేప అని చెప్పేదాన్ని.

ఇంటికి తెచ్చి వడపోత కాగితం మీద పోసేదాన్ని. కాగితం ఆరడానికి రేకు డబ్బాలో బల్బు వెలిగించి పెట్టేదాన్ని. తూకం మాత్రం బంగారం పనిచేసే అవుసలి సిద్దిరాములు దగ్గర. మిల్లీగ్రాము దాకా చూపించే తరాజు మా ఊళ్లో ఆయన దగ్గరే ఉంది. మొదట ఉత్త కాగితం, తర్వాత మన్ను అంటిన కాగితం. ముక్కుపుల్లలు తూచుకోవడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి మరీ నా బురద తూచేవాడు. ఎందుకని నేనెప్పుడూ చెప్పలేదు, ఆయన అడగలేదు. బాపును మొదటి నుంచీ ఎరిగినవాడు. తూచిన ప్రతి కాగితం మీద తేదీ రాసి, తన దుకాణం ముద్ర వేసి ఇచ్చేవాడు. నూట నలభై కాగితాలు కవర్లలో పెట్టి దాచాను.

ఈ ఐదు నెలల్లో పొద్దున ఎనిమిదింటికి రేవు గది తలుపు తెరిచి ఉండడం నేను చూడలేదు. బాపు జాగాలో పెట్టిన మనిషి నెలకోసారి వచ్చి సంతకాలు పెట్టి పోయేవాడు. కానీ కరీంనగర్ నుంచి మాత్రం ప్రతి రోజుకూ ఒక అంకె హైదరాబాద్‌కు పోతూనే ఉంది. సమాచార హక్కు కింద అర్జీ పెట్టి ఆ అంకెలు తెప్పించుకున్నాను. జనవరిలో కవరు వచ్చింది. దాన్ని నిలబడ్డచోటే చింపాను.

ఆగస్టు పన్నెండున నది దిగిపోయి రాళ్లు తేలాయి. నా సీసాలో లీటరుకు గ్రాములో పావు వంతు కూడా లేదు. భానుప్రసాద్ కాగితంలో 2.350 ఉంది. అది వరద పొంగినప్పటి అంకె. అట్లాగే నెలంతా, నా నది దిగినప్పుడు అతని నది పొంగింది. ఊరికే పుట్టించిన అంకెలైతే ఇంత చక్కగా ఎక్కి దిగవు. ఎక్కడమూ దిగడమూ నిజమైన నదిలాగే ఉంది, ఈ ఏడాది నదిలాగా మాత్రం లేదు. పైన బ్యారేజీలు కట్టాక మన్ను వాటి వెనకే ఆగిపోతోంది. ఇంత చిక్కటి నీళ్లు మా రేవుకు వచ్చి చాలా ఏళ్లయింది. ఎవరో ఎప్పుడో కొలిచిన నది ఇది.

అవ్వ బీడీలు చుట్టుకుంటూ నన్నే చూస్తోంది. బాపు ఇంట్లో ఏమైనా రాసిపెట్టుకున్నాడా అని అడిగాను. చాలాసేపు తునికాకు కత్తిరించింది. తర్వాత చాట పక్కన పెట్టి, అటక మీద నుంచి ఎరువుల సంచి దించింది. ఏడాదికొకటి చొప్పున బడిపిల్లల నోటుపుస్తకాలు. ఎవరికీ చూపించవద్దని ఒట్టు వేయించుకున్నాడట. ముందుగా 2022 పుస్తకం తెరిచాను. జూలైలో ఏడు రోజులు, ఏడు సార్లు 'పడవ లేదు.' నా కళ్లు చెమర్చాయి, పళ్లు మాత్రం కొరుక్కున్నాను. ఈ పుస్తకం చేతిలో ఉండి కూడా ఎందుకు నోరు తెరవలేదు ఈ మనిషి?

తెల్లవారేసరికి జవాబు దొరికింది. భానుప్రసాద్ ఆగస్టు మొత్తం 2003 పుస్తకంలో ఉంది, ముప్పై ఒక్క రోజులూ, చుక్క పొల్లు పోకుండా. రేవు గది అలమారలో ఉండిన పాత రిజిస్టరు చూసి ఎక్కించాడన్నమాట. బాపును కాకిలెక్కలవాడన్న మనిషి బాపు లెక్కలనే దొంగిలించి బతుకుతున్నాడు. నవ్వు వచ్చింది. ఆ నవ్వు పన్నెండో తేదీ దగ్గర ఆగిపోయింది. 2.350 పక్కన, మార్జిన్లో, చిన్న అక్షరంతో 'కా' అని ఉంది.

మిగతా పుస్తకాలు తిరగేశాను. ఇరవైమూడేళ్లలో పదకొండు చోట్ల 'కా.' తాతకు పక్షవాతం వచ్చిన రోజు, నాకు డెంగీ వచ్చినప్పటి రెండు రోజులు, ఇంకా అట్లాంటివి. నదికి పోని రోజులు. ఆఫీసుకు అంకె పంపాలి కాబట్టి ఏదో ఒకటి రాసి పంపి, ఇంటికొచ్చి తన పుస్తకంలో తన మీదే తప్పు రాసుకున్నాడు. కాకిలెక్క అని. భానుప్రసాద్ ఆ మాట అన్నప్పుడు బాపు ఎందుకు తలదించుకున్నాడో అప్పుడు తెలిసింది. ఎనిమిది వేల రోజుల్లో పదకొండు రోజులకు ఆ మాట తగిలింది, ఆయన దాన్ని మొత్తంగా మోశాడు. ఎంత పిచ్చి మనిషివి బాపూ అని గట్టిగానే తిట్టాను.

2003 ఆగస్టు పన్నెండున ఏం జరిగిందని అవ్వను అడిగాను. ఎంత రాసి ఉందని అవ్వ తిరిగి అడిగింది. చదివి వినిపించాను. ఆమె చేతిలో బీడీ ఊడిపోయింది.

"గది నీళ్ల లెక్క గాదు బిడ్డా. నీ తమ్ముడు. పెద్దపల్లి దవాఖానల తరాజుల ఏసిన్రు. రెండు కిలోల మూడు వందల యాభై. మాపటికి పోయిండు."

నాకప్పుడు ఆరేళ్లు. అవ్వ దవాఖానకు పోయి ఖాళీ చేతులతో వచ్చింది, ఎవరూ ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. మరునాడు ఆఫీసు కాగితం మీద ఏదో ఒక అంకె రాయాలని కూర్చుంటే బాపు చేతికి ఆ అంకె తప్ప ఇంకోటి రాలేదు కాబోలు.

ఆ 'కా' గురించి ఎక్కడా చెప్పొద్దని నేను గట్టిగా అనుకున్నాను. కాకిలెక్క అన్న మాట బాపు మీద నుంచి తీసేస్తానని చుట్టాలందరి ముందు అన్నదాన్ని, నా చేత్తోనే ఆయన మీద మళ్లీ వేస్తానా? అడిగితే ఏదో ఒకటి చెప్పొచ్చనుకున్నాను. అవ్వతోనూ అదే చెప్పాను. ఆమె బీడీల చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.

నా లెక్కలు జతచేసి భానుప్రసాద్ మీద హైదరాబాద్‌కు పెట్టిన అర్జీ మీద విచారణకు ఫిబ్రవరిలో పిలిచారు. హైదరాబాద్ నుంచి పద్మలత అనే పెద్ద ఆఫీసరు వచ్చింది. కరీంనగర్ ఆఫీసులో పొడవాటి బల్ల, ఒక వైపు ఆమె, ఎదురుగా భానుప్రసాద్, ఈ వైపు నేనూ అవ్వా. నా సీసా చట్రాన్ని బల్ల మీద పెడితే భానుప్రసాద్ నవ్వాడు. బీరు సీసా కట్టి వంతెన మీద నుంచి వేలాడదీస్తే అది కొలత అవుతుందా అన్నాడు. పద్మలత నవ్వలేదు. గొట్టాలు ఊది చూసి, ఎంత వేగంతో దించావు, నిండినవి ఏం చేశావు అని అడిగింది. పారబోశానన్నాను. సిద్దిరాములు ముద్ర ఉన్న కాగితాలు కొన్ని అక్కడి ల్యాబులో మళ్లీ తూయించింది. ఆరు కాగితాల్లో ఆరూ సరిపోయాయి. భానుప్రసాద్ ముఖంలో నవ్వు కొంచెం తగ్గింది.

అప్పుడు 2003 పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వేలితో అంకె మీద అంకె చూసుకుంటూ పోయింది. నేను భానుప్రసాద్ గొంతునే చూస్తున్నాను. అది మింగడం, మళ్లీ మింగడం చూసి నాకు కలిగిన తృప్తి ఎవరికి చెప్పినా అర్థం కాదు. కానీ అతను గట్టివాడు. కాసేపట్లో తేరుకున్నాడు. 2003 రిజిస్టరునూ ఆ ఏడాది ఆఫీసు కాగితాలనూ చెదలు ఎప్పుడో తినేశాయని, వాటిని చూసే వీలు ఎవరికీ లేదని చెప్పాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

"మేడం, గీమె పోయిన నెలలనే మా కాగితాలు తెప్పించుకున్నది. గవి చూసి పాత నోటుబుక్కుల ఎక్కించింది. తండ్రి రాసినట్టే బిడ్డ రాసింది. కాకిలెక్కలు."

పద్మలత నా వైపు చూసి, ఈ పుస్తకం పాతదని చూపడానికి ఇంకేమైనా ఉందా అని అడిగింది. లేదు. ఏడాదిన్నర కోపం, ఐదు నెలల సీసాలు, నూట నలభై కాగితాలు, అన్నీ ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయాయి. సరిగ్గా బాపులాగే కూర్చుండిపోయాను.

అవ్వ లేచింది. రవికెలోంచి ప్లాస్టిక్ సంచి తీసి, మడతలు విప్పి, పసుపు పచ్చగా మారిన దవాఖాన చీటీ బల్ల మీద పరిచింది. కొమురవ్వ, భర్త గంగయ్య, మగ శిశువు, బరువు 2.350, తేదీ 12-8-2003. కింద డాక్టరు సంతకం, గుండ్రటి ముద్ర.

"మేడం, గా దినం నా పెనిమిటి ఏరుకు పోలే. నా పక్కపొంటి ఉన్నడు. పిల్లగాని బరువే ఏటి లెక్కని రాసి పంపిండు. తప్పే. గందుకే పక్కకు కా అని రాసుకున్నడు, చూడు. గసొంటివి పదకొండు ఉన్నయి, అన్ని చూపిస్త. గానీ నా కొడుకు బరువు గీ సారు కాగితంల ఇరవై ఏండ్లకు మల్ల ఏట్లెకెల్లి ఎట్లొచ్చింది? గదడుగు."

భానుప్రసాద్ చీటీ మీదికి వంగి చూశాడు. నది రెండుసార్లు ఒకే మన్ను మోసిందనైనా అనొచ్చు. కానీ నదిలో ఎప్పుడూ లేని అంకె నదిలోకి రెండోసారి రావడానికి దారి లేదు. పద్మలత చీటీ చూసింది, నోటుపుస్తకం చూసింది, 2023 కాగితం చూసింది. మూడింటి మీదా వేలు పెట్టి అతని వైపు తిప్పింది. అతను తల దించాడు. మా బాపు దించినట్టే దించాడు. కానీ నాకు జాలి కలగలేదు.

పదకొండు రోజుల లెక్కలు చెల్లవని పాత రికార్డులో రాయాల్సి వస్తుందని పద్మలత మెల్లగా చెప్పింది. రాయండి అన్నాను. మిగతా ఎనిమిది వేల రోజులూ, జూలై వరద వారంలో 'పడవ లేదు' అన్న ఏడు రోజులూ గంగయ్య పేరు మీదే ఉంటాయని కూడా చెప్పింది. భానుప్రసాద్‌ను ఆ రోజు నుంచే విధుల్లోంచి తప్పించింది. వెళ్లే ముందు 2023 రిజిస్టరులో ఆగస్టు నెల అంకెలు తన చేత్తోనే కొట్టేసి పొమ్మంది.

నది రిజిస్టరులో తప్పు అంకెను చెరపకూడదు. కింది అంకె కనపడేటట్టు ఒక్క గీత గీసి, ఎందుకు కొట్టేశారో రాసి, పక్కన సంతకం పెట్టాలి. బాపు నాకు నేర్పిన మొదటి సంగతి అదే. భానుప్రసాద్ ముప్పై ఒక్క గీతలు గీశాడు, ముప్పై ఒక్క సంతకాలు పెట్టాడు. అవ్వ అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. చాయ్ తెస్తే వద్దంది. గీతలు లెక్కపెడుతూ పన్నెండోది రాగానే కాగితం మీద వేలు పెట్టింది.

"గిక్కడ మంచిగ రాయి సారూ. ఎవరిదో గూడ రాయి."

అతను పద్మలత వైపు చూశాడు. ఆమె కాగితం వైపే చూపించింది. 'ఇది నది లెక్క కాదు, గంగయ్య కొమురవ్వల కొడుకు బరువు, నేను ఎక్కించాను' అని రాసి సంతకం పెట్టాడు. అవ్వకు చదువు రాదు. పైకి చదివి వినిపించమంది. చదివాడు. సరిగా వినపడలేదని రెండోసారి చదివించింది.

సాయంత్రం పెద్దపల్లి బస్సులో అవ్వ కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్లో సంచి, సంచిలో చీటీ. కాకులకు ఇచ్చిన మాట సగమే నిలబెట్టుకున్నానని నాకు లోపల ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. బాపు మీద నుంచి ఆ మాట పూర్తిగా పోలేదు, పదకొండు రోజుల మేరకు నా అర్జీతోనే సర్కారు కాగితంలోకి ఎక్కింది. అవ్వ దాని గురించి ఆలోచిస్తున్నట్టు లేదు. ఆ రిజిస్టరు పుస్తకాన్ని ఎన్నేళ్లు ఉంచుతారని అడిగింది. నది లెక్కలు ఎప్పటికీ పారేయరని చెప్పాను.

"పిల్లగానికి పేరు గూడ పెట్టలే. ఇగ వాడు గా బుక్కుల ఉంటడు." కిటికీ అద్దం మూసి అంది: "గా సారు దస్కతు గూడ వాని పక్కపొంటి ఉంటది. ఉండనీ. ఎవరు తీసినా సదువుతరు."

ఊరు వచ్చేదాకా ఆమె ముఖం మీద నవ్వు ఉంది. ఆ నవ్వు మంచిది కాదు. నా ముఖం మీద కూడా అదే ఉందేమో, టికెట్టు అడగడానికి వచ్చిన కండక్టరు మా ఇద్దరినీ చూసి అడక్కుండానే ముందుకు పోయాడు.